ఐస్ రింకు చుట్టూ ఇంకో చుట్టు

2006 ఎండాకాలంలో దుబాయి అల్ ఖూజ్‌లో పికప్ నడిపేవాణ్ని. ఒకరోజు కెనడాకు తిరిగి పోతున్న ఓ ముసలాయన ఇంటి సామాను కార్గో ఆఫీసుకు చేర్చే పని పడింది. దారిలో ఐస్ రింకు దగ్గర బండి ఆపమన్నాడు. ఆయనకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. నాకేమో ముదీర్, అంటే మా మేనేజరు, ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

"ఇక్కడ కర్లింగ్ క్లబ్ పెట్టింది నేనే," అన్నాడు, బిల్డింగు సైట్లలో నేర్చుకున్న హిందీలో. మంచు మీద బరువైన రాయిని జార్చి, దాని ముందర బ్రష్షులతో రుద్దుకుంటూ పోయి, గీసిన వలయంలో ఆపే ఆటట. మొదట్లో రాళ్లు దొరక్క డబ్బాల్లో సిమెంటు పోసి ఆడారట.

లోపల ఇంకెవరూ లేరు. నా చేతికి బ్రష్షిచ్చి, రాయి వదిలి, "రుద్దు, యల్లా!" అని అరిచాడు. జారుతూ, పడబోతూ రుద్దాను. రాయి సగం దారిలోనే ఆగిపోయింది. ఆయన పడీపడీ నవ్వాడు.

బండెక్కాక అడిగాను. "క్లబ్ ఈడ పెట్టుకొని ఎందుకు పోతున్నరు సార్?"

"ఉద్యోగం అయిపోయింది. కఫీల్ వీసా క్యాన్సిల్ చేశాడు."

వీసా తన చేతిలో పెట్టుకునే యజమాని, ఈ కఫీల్ అనేవాడు, మాలాంటి వాళ్లకే ఉంటాడనుకున్నాను అన్నాళ్లూ.

"మీకు గూడ అంతేనా సార్?"

"అంతే. ఖలాస్."

రింకు గేటు దాటుతుంటే నా భుజం తట్టి, "ఇంకో చుట్టు తిప్పుతావా?" అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. అయినా బండిని మళ్లీ రింకు వైపు మలిపాను.