ఇన్సూరెన్సు మనిషికి వేసిన మంచం

మర్యాదలు చేసి మునిగినవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, ఒక్క నులక మంచంతో మునిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పైమట్టి తీసే కాంట్రాక్టరు కింద పనిచేసేవాణ్ణి. ఒకరోజు లారీ వెనక తలుపు ఊడి కుడి భుజం మీద పడింది. ఆ చెయ్యి పైకి లేవడం మానేసింది. పరిహారం ఇవ్వాల్సింది కాంట్రాక్టరు తరఫు ఇన్సూరెన్సు కంపెనీ. డాక్టరు కాగితం పెట్టి, కేసు వేసి గదిలో కూర్చున్నాను. నాతో ఉండే ఇద్దరూ పనికోసం వేరే గనికి వెళ్ళిపోయారు. మూడు నెలలు నా గడప తొక్కినవాడు లేడు. చివరికి గోడ మీది బల్లిని "ఏం కాకా, తిన్నవా?" అని పలకరించే స్థితికి వచ్చాను. అది కూడా జవాబివ్వకుండా పారిపోయేది.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా మనిషొకడు వాకిట్లో నిలబడ్డాడు.

"చెయ్యి ఎట్లున్నది తమ్మీ?"

ఆ ఒక్క మాటకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చినవాణ్ణి కూర్చోకముందే నువ్వెవరని అడిగితే ఏం బాగుంటుంది, మీరే చెప్పండి!

"నిలబడ్డవేందన్నా! ఆగు, మంచమేస్త."

"ఫికర్ చెయ్యకు తమ్మీ, వద్దు."

"గట్లెట్ల? ఇన్ని దినాలకు ఒక మనిషొచ్చిండు!"

మంచాన్ని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి, గడప దాటించి నీడలో వేశాను. భుజంలో నిప్పు పెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టి నవ్వాను. సెల్‌ఫోను పట్టుకుని ఆయనా నవ్వాడు. చాయ్ తాగుతూ గంటసేపు నా కథంతా విన్నాడు. ఒక్కసారి కూడా ఆవలించలేదు. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

నెల తర్వాత లేబర్ ఆఫీసులో జరిగిన విచారణలో ఇన్సూరెన్సు వకీలు సంచిలోంచి ఒక ఫొటో బయటికి తీశాడు. మంచం నెత్తిన పెట్టుకుని, పళ్ళికిలిస్తూ నేను.

"ఈ మంచం ఎత్తింది నువ్వేనా?"

"నేనే సార్."

"చెయ్యి లేవదని రాసినవు గదా?"

"లేవది సార్. మనిషొస్తే లేస్తది. ఆ రాత్రంత నొప్పికి నిద్ర పట్టలే."

అందరూ గొల్లున నవ్వారు. విచారణ చేసే ఆఫీసరు మాత్రం నవ్వకుండా నన్ను పెద్ద దవాఖానకు పంపాడు. దెబ్బ నిజమేనని అక్కడి డాక్టరు రాశాడు. అయినా ఆ ఫొటో పట్టుకుని వకీలు కేసును ఏడాది లాగాడు. చివరికి అడిగినదాంట్లో సగమే వచ్చింది.

తీర్పు రోజు, ఆ ఫొటో తీసిన ఇస్త్రీ చొక్కా మనిషి ఆఫీసు మెట్ల దగ్గర ఎదురయ్యాడు. ఏడాదిగా దాచిపెట్టిన తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. నోరు తెరిస్తే బయటికొచ్చింది మాత్రం ఒక్కటే.

"మల్ల ఎప్పుడొస్తవన్నా?"

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అందుకే, కుడిది లేవదు కాబట్టి ఎడమ చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇన్సూరెన్సు మనిషి ఇంకోసారి వస్తే మంచం నేను ఎత్తను. ఆయనే తెచ్చి వేసుకోవాలి. రావడం మాత్రం మానకూడదు.