మిగిలిన ఒక్క ప్లేటు

1936 డిసెంబరు 3, గురువారం సాయంత్రం, తాడేపల్లిగూడెం స్టేషను. ఉన్నవారు: నేను, కెమెరా పెట్టెతో ఒకాయన, కొల్లేటి లంక నుంచి వచ్చిన ఒక ముసలామె.

పొద్దుటి బండి కోసం ముగ్గురం అక్కడే ఉండిపోయాం. ఆయన నక్కలను ఫోటో తీయాలని వారం రోజులు కొల్లేటి గట్లమీద తిరిగారట. ఒక్కటీ కుదరలేదు.

"రేపటితో సెలవు అయిపోతుందండీ. ఫోటో తీసే గాజు ప్లేటు ఒక్కటే మిగిలింది. ఇక్కడ చేపల బుట్టలు దించేచోటికి పొద్దున్నే ఒక నక్క వస్తుందట," అన్నారు.

ముసలామె నవ్వింది. "నక్క మొహం కోసం ఇంత పెట్టె మోశారా బాబూ! అయినా పొద్దున్నే దాన్ని చూస్తే మంచిదేలెండి. రేపు ఏలూరు ఆసుపత్రిలో మా ఆయనకి ఆపరేషను. నాక్కూడా కనబడితే బాగుణ్ణు."

మర్నాడు ఎండపొడ పడగానే నక్క వచ్చి, పట్టాల పక్కన నిలబడి మావైపే చూసింది. కెమెరా సిద్ధంగా ఉంది. ఆయన ఒకసారి బల్లమీద నిద్రపోతున్న ముసలామె వైపు చూశారు. కెమెరా వదిలి వెళ్లి ఆమె భుజం తట్టారు.

"మామ్మగారూ, లేవండి! అదిగో!"

ఆమె లేచి, నక్కను చూసి చేతులు జోడించింది. గాజుల చప్పుడుకు అది పారిపోయింది. ఆయన ప్లేటును వాడకుండానే పెట్టెలో పెట్టడం నేను చూశాను.

బండెక్కాక ఆమె అడిగింది: "ఫోటో పడిందా బాబూ?"

"బాగా పడిందండీ," అన్నారాయన.