రేపల్లెలో చూసిన ముగింపు

ఆగస్టు, బుధవారం. తెల్లవారుజాము నుంచి ముసురు. డాబా మీద తూము మూసుకుపోతే ఆకులు తీసి నీళ్ళు వదిలాను. కిందికి దిగి చేతులు కడుక్కుంటుండగా బాపట్ల నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్న లేరు" అంది. రాత్రి నిద్రలోనే పోయారట. తెనాలి స్టేషనుకెళ్ళి దొరికిన రైలెక్కాను.

నేను వెళ్ళేసరికి ఆయన ఫొటోకి దండ వేసి, హాల్లో కుర్చీలో పెట్టి ఉంది. కుర్చీలో వద్దు, బల్ల మీద పెట్టండి అన్నాను. ఎందుకని ఎవరో అడిగారు. ఫొటో అక్కడే ఉండిపోయింది.

మా బావగారు, అంటే మా అక్క భర్త, కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ రిటైరయినవాళ్ళ సంఘం పత్రికకి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఎరువుల కొట్లో రోజు లెక్కలు రాస్తూ నేర్చుకున్న రాత నాది, పెద్ద చదువు లేదు. మంచి మాటలు రాస్తాను. కానీ ఉన్న సంగతి చెప్పాలంటే, ఆయన్ని తలుచుకోగానే నాకు ముందు విసుగొస్తుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న విసుగు. మనిషి పోయినా అది పోలేదు.

కారణం ఒక సినిమా. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మీలో సగంమంది నాతో వాదనకి దిగుతారు, వాదించే ఓపిక నాకు అయిపోయింది. పాత నలుపు తెలుపు బొమ్మ. ఒక చిన్న ఊరికి మంత్రి వస్తున్నాడని కబురొస్తుంది. ఊరంతా ముస్తాబు చేస్తారు. బడికి రోడ్డు వైపున్న గోడకి మాత్రం సున్నం వేస్తారు. ఎండిన కాలువలో బళ్ళతో నీళ్ళు తెచ్చి పోస్తారు. మంత్రి రాడు. తెచ్చిన దండలు వాడిపోతాయని, రాయించిన సన్మానపత్రం దండగవుతుందని, పెద్దలంతా కలిసి ఖాళీ కుర్చీకే సన్మానం చేస్తారు. అప్పుడు బడిపంతులు లేచి అందరికీ గడ్డి పెడతాడు. ఊరు తల దించుకుంటుంది, కళ్ళు తుడుచుకుంటుంది. శుభం.

మీరంతా చూసింది ఇదే. బావగారు చూసింది వేరు.

పెళ్ళయిన ఏడాది ఆయన కొత్తల్లుడిగా రేపల్లెలో మా ఇంటికొచ్చి, అక్కని తీసుకుని ఆ సినిమాకి వెళ్ళారు. నేను అప్పటికే తెనాలిలో కొట్లో చేరాను. ఆయన చెప్పేది ఏమిటంటే, పంతులి ఉపన్యాసం ముందు వస్తుంది. ఊరు మారిపోతుంది. శుభం అని పడుతుంది. జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు. అప్పుడు తెర మీద బ్యాండు మేళం మొదలవుతుంది. ఇప్పుడే కళ్ళు తుడుచుకున్నవాళ్ళు వరసగా వచ్చి ఖాళీ కుర్చీకి దండలు వేస్తారు. దండల కింద కుర్చీ కనబడకుండా పోతుంది. లైట్లు వెలుగుతాయి.

"శుభం వేసి, జనం లేచాక మళ్ళీ మొదలెట్టాడురా. ఆ దమ్ము ఎవడికుంటుంది?" అనేవారు. హాల్లో అందరూ వెనక్కి తిరిగి నిలబడే చూశారట, నిలబడే చప్పట్లు కొట్టారట. అక్కని అడిగితే, వానకి హాలు కప్పు కారిందని, కొత్త చీర తడిసిందని, అంతకుమించి ఏమీ గుర్తు లేదని చెప్పేది.

వీడియో కేసెట్లు వచ్చిన రోజుల్లో మొదలైంది నా అవస్థ. తెనాలిలో అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. అక్కడ కేసెట్టూ, దాన్ని ఆడించే పెట్టే అద్దెకి తీసుకుని, దుప్పట్లో చుట్టి రైల్లో బాపట్ల మోసుకెళ్ళాను. బొమ్మ వణుకుతూ వచ్చింది. పంతులి ఉపన్యాసం చివర వచ్చింది. బావగారు లేచి టీవీ కట్టేశారు. కేసెట్టులో పట్టక కోసి అతికించారని తేల్చారు. అక్క కాఫీ ఇస్తే తాగలేదు.

తర్వాత సీడీలు వచ్చాయి. సినిమా రెండు ముక్కలు. మొదటి డిస్కులో బ్యాండు మేస్త్రీ "మరి మా డబ్బులో?" అని అడుగుతుండగా ఆగిపోతుంది. రెండో డిస్కు వేస్తే అందరూ అప్పటికే భోజనాలు చేస్తుంటారు. మేస్త్రీకి జవాబు రాలేదు. కేసెట్టులో వచ్చింది కదా అని బావగారి పట్టు. "ప్రశ్న ఒకడికి అమ్మి, జవాబు ఇంకొకడికి అమ్ముతున్నారు" అన్నారు. ముగింపు మాత్రం మళ్ళీ పంతులే.

డీవీడీ సంగతి ఇంకా ఘోరం. ఒక డిస్కులో మూడు సినిమాలు ఇరికించారు. కొత్త టీవీలకి సరిపోవాలని బొమ్మని పైనా కిందా కోశారు. బావగారు కాలువ గట్లు కొలిచిన టేపు తీసుకొచ్చి, ఒక కొస నా చేతికిచ్చి టీవీకి అటు పక్క నిలబెట్టారు. పాత కేసెట్టులో కుర్చీకి నాలుగు కాళ్ళూ కనబడతాయని, ఇందులో కాళ్ళు పోయాయని నిరూపించడానికి. మేనకోడలు అప్పుడే పేరాల నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది. దాన్ని పేరాలలో చేనేత బట్టల వ్యాపారం ఉన్న ఇంట్లో ఇచ్చారు. "నాన్నా, చీర కొలిచినా ఇంతసేపు పట్టదు" అంది. ఆయన వినలేదు. కాళ్ళు లేని కుర్చీకి దండ వేస్తే నవ్వెలా వస్తుందని నన్ను అడిగారు. నాకైతే కాళ్ళున్నప్పుడూ పెద్దగా నవ్వు రాలేదు. ఆ మాట పైకి అనలేదు.

ఎరువుల సీజన్లో, కొట్టు ముందు రైతులు నిలబడి ఉన్నప్పుడే ఆయన ఫోన్ వచ్చేది.

"ఏరా, నీ దగ్గరున్న దాంట్లో పంతులి వెనక గడియారం ఉందా?"

"కొట్లో జనం ఉన్నారండి, బావగారూ."

"జనం ఎప్పుడూ ఉంటారు. గడియారం సంగతి చెప్పు."

ఒక్కటి మాత్రం రాయాలి. గుంటూరులో నాకు ఆపరేషన్ అయినప్పుడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నేను కళ్ళు తెరిచినప్పుడల్లా చెంచాతో నీళ్ళు పట్టారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సినిమా ఊసెత్తలేదు. ఇంటికి పంపిన రోజు ఆటో కదలగానే ఎత్తారు. కుట్లు లాగుతున్నా నవ్వాను. అంతకుముందు ఎవరూ నాకు అంత చెయ్యలేదు, తర్వాతా చెయ్యలేదు.

ఈమధ్య వ్యవహారం నవ్వులాట కాకుండా పోయింది. ఒకరోజు బావగారు స్కూటరు మార్కెట్లో వదిలేసి ఇంటికి నడిచొచ్చారు. పక్కింటాయన్ని వాళ్ళ నాన్న పేరుతో పిలిచారు, ఆ నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అక్కకి భయం పట్టుకుంది. స్కూటరు తాళం తీసేసుకోవాలని, బ్యాంకు పనులు తనే చూసుకుంటానని మేనకోడలు అంది. తప్పనలేం. కానీ అది తన మాటకి సాక్ష్యంగా చెప్పింది మాత్రం ఆ సినిమానే. "లేని సీను ఇన్నేళ్ళుగా చూశానంటున్నారు నాన్నా. ఇప్పటి సంగతి కాదిది" అంది.

అప్పట్లోనే ఆ సినిమాని శుభ్రం చేసి కొత్త డిస్కు తెస్తున్నారని పేపర్లో పడింది. మూల నెగెటివ్ నుంచి, ఒక్క అంగుళం కొయ్యకుండా. ఆయన అది చూపించి, "ఇందులోనూ లేకపోతే నా బుర్ర చెడినట్టే. తాళం నువ్వే తీసుకో" అన్నారు.

ఆ డిస్కు కోసం నేను పడ్డ తిప్పలు రాయను. తెచ్చాను. అందరం కూర్చుని చూశాం. బొమ్మ అద్దంలా ఉంది. కుర్చీ కాళ్ళే కాదు, కాలికి కట్టిన పురికొస కూడా కనబడింది. బ్యాండు మేస్త్రీకి జవాబు వచ్చింది. కుర్చీ సన్మానం అయింది. పంతులు లేచాడు. ఊరు ఏడ్చింది. శుభం పడింది. ఆ తర్వాత కూడా ఆయన చాలాసేపు నల్లటి తెర వైపే చూశారు. ఇంకేమీ రాలేదు. జేబులోంచి తాళం తీసి టీవీ పక్కన పెట్టి, లోపలికెళ్ళి పడుకున్నారు. మేనకోడలు ఆ తాళాన్ని వెంటనే తీసుకోలేకపోయింది.

ఆ తర్వాత నాకు ఫోన్లు రాలేదు. సీజను మొత్తం కొట్లో ప్రశాంతంగా పని చేసుకున్నాను. ఆ ప్రశాంతత నాకు అసలు నచ్చలేదు.

మాఘమాసంలో రేపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన మాటల్లో పాత సినిమా హాలు ప్రస్తావన తెచ్చాడు. దాన్ని ఒకప్పుడు వాళ్ళ నాన్న లీజుకి నడిపాడట. నేను ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడను. ఆరోజు ఎందుకో బావగారి గొడవంతా చెప్పాను. ఆయన తింటున్న ముద్ద ఆపి నవ్వాడు.

"మీ బావగారికేం కాలేదండి. మా హాల్లో అట్టాగే ఆడింది."

ఒకే ప్రింటుని రెండు ఊళ్ళలో ఆడించే అలవాటు అప్పుడుండేది. పక్క ఊరి టూరింగు హాల్లో అయిపోయిన రీళ్ళు అయిపోయినట్టు డబ్బాల్లో పెట్టి సైకిలు మీద రేపల్లె పంపేవారు. ఆరోజు వానకి గట్టు జారి, సన్మానం రీలున్న డబ్బాతో సైకిలు దారిలో ఆగిపోయింది. చివరి రీలు మాత్రం వేరే మనిషి చేతికిచ్చి పంపితే ముందే చేరింది. జనం ఈలలు వేస్తుంటే ఆపరేటరు ఉన్నదే వేసేశాడు. శుభం పడుతుండగా తడిసిన డబ్బా వచ్చింది. టిక్కెట్టు కొన్నవాళ్ళకి రీలు ఎగ్గొట్టారన్న మాట రాకూడదని అది కూడా వేశాడు.

"చప్పట్లు చూసి మా నాన్న, 'జనానికి నచ్చింది, ఆడినన్నాళ్ళూ అట్టాగే కానియ్' అన్నాడండి. ఇంకెక్కడా అట్టా ఆడలేదు."

పెళ్ళివారికి సరిగ్గా చెప్పను కూడా చెప్పకుండా రైలెక్కాను. తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్ళాను. బావగారు నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు. "అంటే, తీసినవాడికి ఆ దమ్ము లేదన్నమాట." ఆయన మొహం నిజంగా చిన్నబోయింది. తల సరిగ్గానే ఉందని తేలినందుకు సంతోషిస్తారనుకుంటే, ఇదీ ఆయన బాధ.

రిమోటు తీసుకుని కొత్త డిస్కునే రేపల్లె వరసలో నేను ఆడించాను. సన్మానం దాటించి పంతుల్ని ముందు వేశాను. శుభం పడింది. వంటింట్లోకి వెళ్దామని అక్క లేచింది. నేను వెనక్కి తిప్పి సన్మానం మొదలుపెట్టాను. బ్యాండు మోగింది. అక్క గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఏవండీ, ఇట్టాగే నిలబడ్డామండి. చెప్పు ఒకటి దొరకలేదు నాకు. మీరు వెతకమంటే వెతక్కుండా అటే చూస్తున్నారు" అంది.

ఆరోజు పేరాల నుంచి వచ్చి ఉన్న మేనకోడలు బీరువాలోంచి తాళం తెచ్చి ఆయన జేబులో పెట్టింది. దానికి కన్నీళ్ళాగలేదు. బావగారు దాన్ని ఓదార్చకుండా, చెప్పు చివరికి ఎక్కడ దొరికిందని అక్కని అడుగుతున్నారు.

మర్నాడు నన్ను వెనక ఎక్కించుకుని స్కూటరు మీద కర్లపాలెం తీసుకెళ్ళారు. అక్కడికి చేరాక ఎందుకొచ్చామో ఆయనకి గుర్తు రాలేదు. నాకు ముందే చెప్పలేదు కాబట్టి నాకూ తెలియదు. టీ తాగి తిరిగొచ్చాం. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇక్కడే రాస్తున్నాను.

పెద్దకర్మ అయ్యాక అక్కని కొన్నాళ్ళు పేరాల రమ్మని మేనకోడలు పిలిచింది. వచ్చే వారం వెళ్తానంది.

ఇవాళ ఆదివారం. వాన లేదు, ఉక్క. ఇంతవరకు రాసి, ముగింపు ఎలా రాయాలో తెలియక కూర్చుంటే అక్క ఫోన్ చేసింది. ఏమీ తోచక ఆ డిస్కు వేసుకుందట. వరస మార్చడం తనకి రాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చూసిందట.

"ఏంట్రా ఈ పంతులు? అంత చేశాక వచ్చి నీతులు చెప్తే సరిపోతుందా? వాళ్ళు మారతారా? దీన్ని డబ్బులు పెట్టి మరీ కొన్నావా?"

తీసినవాళ్ళు అలాగే తీశారే అన్నాను.

"తీస్తే? తప్పు తీశారని ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ కంపెనీ వాళ్ళ నంబరు ఉందా నీ దగ్గర?"

లేదన్నాను. కనుక్కోమంది. కొట్లో జనం ఉంటారే అక్కా అన్నాను. ఉండనీ అంది. సరే, ఈ పూటకి దాన్ని ఎలా తిప్పాలో ఫోన్లోనే చెప్పమంది. ఫోను స్పీకరులో పెట్టి, ఏ మీట ఎప్పుడు నొక్కాలో చెబుతూ, మధ్యమధ్య ఇది రాస్తున్నాను. రెండుసార్లు తప్పు నొక్కింది. సినిమా మొదటికి వెళ్ళిపోయింది. తప్పు నాదేనంది. మళ్ళీ చెప్పాను. పంతులు మాట్లాడాడు, ఊరు ఏడ్చింది. ఇప్పుడు వెనక్కి తిప్పు అన్నాను. కాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత బ్యాండు మోగింది. "ఉండు, లేచి నిలబడాలి" అంది అక్క. ఫోను అక్కడే పెట్టేసినట్టుంది, మాట వినబడటం లేదు. బ్యాండు మోగుతూనే ఉంది, మధ్యలో అక్క ఒక్కతే చప్పట్లు కొడుతోంది. ఇక్కడ నేను పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను, పొంగుతున్నాయి, లేవాలి.