ఆరుగొట్టాల బాబాయి ఆఖరి చుట్టు

ఆరుగొట్టాల బాబాయి ఒకసారి తుపాకీతో సముద్రానికి బొక్క పెట్టాడు. నీళ్లన్నీ కారిపోయేలోగా ఆయన పనిచేసే గస్తీ పడవ ఒడ్డు చేరింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పడవే కాళ్లు మొలిపించుకుని నడవాల్సి వచ్చేది.

పడవ ముందు భాగంలో ఉండేది ఆయన తుపాకీ. గుండ్రంగా కట్టగట్టిన ఆరు గొట్టాలు. మోటారు గిర్రున తిప్పుతుంటే, అత్తాకోడళ్లు వంతులేసుకుని పోట్లాడినట్టు ఒకదాని తర్వాత ఒకటి పేలేవి. ఒకటి పేలుతుంటే తక్కినవి చల్లబడేవి. ఢాం ఢాం అని కాదు, పెద్ద దుప్పటిని ఒక్క లాగులో చింపినట్టుండేది ఆ చప్పుడు.

కానీ బాబాయికి ప్రాణం ఆ చింపుడు మీద కాదు. పొద్దున్నే గుళ్లు తీసేసి, మోటారు ఆపేసి, గ్రీజు పూసి, గొట్టాల్ని చేత్తో మెల్లిగా తిప్పేవాడు. ఎక్కడ ఉప్పు పట్టిందో, ఎక్కడ బిగుసుకుందో అరచెయ్యే చెప్పేది. ఇంటికెళ్తే పిన్ని, "ఆ గ్రీజు చెయ్యి నాకు తగలనివ్వకండి" అని గయ్యిమనేది. ఆ వాసన రాని రోజున మాత్రం, "ఒంట్లో బాలేదా?" అని నుదురు పట్టి చూసేది.

ఆయన రిటైరయ్యాడు. ఆ వెనకే పడవా తుక్కయింది. తుపాకీని మాత్రం రేవు గేటు ముందు దిమ్మె మీద నిలబెడదామన్నారు. లోపలి సరంజామా తీసేశారు. ఇక పేలకుండా వెల్డింగు పెట్టే పని బాబాయి బావమరిదికే పడింది. అతను వచ్చేసరికే బాబాయి గ్రీజు డబ్బాతో దిమ్మె మీద కూర్చున్నాడు.

"జరుగు బావా. అన్నీ కలిపి ఒక్క వెల్డింగు కొడితే పీడా పోతుంది."

"కొడితే లోపల కొట్టు. పేలకూడదన్నారు గానీ తిరగకూడదని ఎవడన్నాడ్రా?"

"తిరిగితే మాత్రం ఎవర్ని కాలుస్తావు?"

"నిన్నే. మీ అక్క కూడా అడ్డు రాదు."

బావమరిది నవ్వాడు. బాబాయి నవ్వలేదు.

"ఇన్నేళ్లు బిగుసుకోకుండా చూసుకున్నాన్రా. నీ చేత బిగింపించుకోడానికా?"

బావమరిది ముసుగు దించుకున్నాడు. గొట్టాల మూతులు మూసేశాడు, లోపల అతికేశాడు, తిరిగే చోటు ముట్టుకోలేదు. అతుకు చల్లారాక బాబాయి అరచెయ్యి ఆనించి గొట్టాల్ని ఒక్క తిప్పు తిప్పాడు.

అంతే! రేవంతా దద్దరిల్లింది. ఓడలు హారన్లు కొట్టాయి. మంచం పట్టిన పాత నావికులు దుప్పట్లు తన్నేసి గేటు దాకా పరుగెత్తుకొచ్చారు. నమ్మకపోతే బాబాయినే అడగండి. అడిగితే ఆయన చెప్పింది ఇదీ:

"ఎవరూ రాలేదు. చప్పుడే కాలేదు. గ్రీజు బాగా పట్టించాను."