అరిగిన చక్, కదలని ముల్లు

2022 వేసవి. అమలాపురంలో ఒక రేకుల షెడ్డులో టర్నర్‌గా పనిచేసేవాణ్ణి. అక్కడ ఉన్నది ఇనుప ముక్కల్ని తిప్పుతూ చెక్కే లేత్ ఒక్కటే, దాని మీద పనిచేసేది నేనొక్కణ్ణే. యజమాని వీర్రాజుగారికి వయసు మీదపడి వ్యాపారం మీద మనసు పోయింది. చేసిన పని బాగోలేదని ఎవరైనా తిరిగొస్తే, లేత్ వైపు చూపించి "దీన్ని పాత ఇనుం కింద ఇచ్చేస్తానండి, గోల వదిలిపోద్ది" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ పూట అన్నం సహించేది కాదు.

లోపం లేత్‌లో లేదు, చక్‌లో ఉంది. ముక్కను పట్టుకుని తిప్పే భాగాన్ని చక్ అంటాం. మాది మూడు దవడలది. దాని తాళంచెవి తిప్పితే లోపలున్న స్క్రోల్ అనే గాడి పళ్లెం మూడు దవడల్నీ ఒకేసారి దగ్గరికి తెస్తుంది. వాడగా వాడగా దవడలు మూతి దగ్గర అరిగి గరాటులా విచ్చుకుంటాయి. అప్పుడు ముక్క నడిమధ్యన నిలవక ఊగుతూ తిరుగుతుంది. ఆ ఊగుడునే రనౌట్ అంటారు. షెడ్లలో దీనికి వైద్యం ఒకటే: దవడ కింద రేకు ముక్క దోపడం.

ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులున్న సుబ్బరాజుగారు ఒకరోజు కోపంగా వచ్చేశారు. చెరువు నీటిని చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్‌కి ఆయన మా దగ్గర కప్లింగ్, అంటే మోటారునీ ఇరుసునీ కలిపే ముక్క, చేయించుకున్నారు. దాని లోపలి బెజ్జం ఒకసారి, పైభాగం తిరగేసి మరోసారి పట్టి చేశాను. ఊగే చక్‌లో రెండింటి కేంద్రాలూ కలవలేదు.

"ఏం మేస్త్రీ, కప్లింగ్ చెయ్యమంటే గిలక్కాయ చేసిచ్చేవేంటి? బేరింగు తినేసిందయ్యా!"

వీర్రాజుగారు పడక్కుర్చీలోంచి కదలకుండానే, "ఇనుం కొట్టువాడికి కబురెడతానండి" అన్నారు.

"ఒక్కరోజు లేత్ ఆపనివ్వండి. చక్ విప్పి సరిచేస్తాను."

"నీకెవరు నేర్పేరు?"

"గ్రంథాలయంలో పుస్తకం ఉందండి."

"ఆయ్! గోదాట్లో ఈత కూడా అక్కడే నేర్చుకున్నావా?"

సుబ్బరాజుగారు కోపం మరిచి నవ్వేశారు. ఆ నవ్వు పుణ్యమాని నాకు ఒకరోజు దొరికింది.

నాది పదో తరగతి చదువు. అట్ట ఊడిన ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆదివారాలన్నీ ఖర్చుపెట్టి చదివాను. అర్థం కాని బొమ్మల్ని సుద్దతో షెడ్డు నేల మీద గీసి చూసుకునేవాణ్ణి.

చక్ విప్పితే స్క్రోల్ గాడులు కనిపించలేదు. వీర్రాజుగారు రోజూ పొద్దున్నే దండం పెట్టి చక్ మీద కొబ్బరినూనె చుక్కలు వేసేవారు. దసరాకి పసుపూ కుంకుమా కూడా. అదంతా ఇనుప పొడితో కలిసి జీడిలా గట్టిపడింది. డీజిల్‌తో కడిగి గోకేసరికే మధ్యాహ్నమైంది.

తరవాత దవడల్ని సాన పట్టాలి. వదులుగా ఉన్నప్పుడు సాన పడితే, వదులుగా ఉన్నంతసేపే అవి సరిగ్గా ఉంటాయి. ముక్కను బిగించగానే స్క్రోల్‌లోని సందు అటు నుంచి ఇటు మారి మళ్లీ ఊగుడు మొదలవుతుంది. అందుకని దవడల వెనక కొసల మధ్య ఒక ఉక్కు రింగు బిగించి, అవి నొక్కుతున్న స్థితిలోనే ముందు భాగాన్ని సాన పట్టాలని పుస్తకం చెప్పింది. అలాగే చేశాను. వెనక మిగిలిన గట్టును తరవాత విడిగా తీసేశాను. నున్నటి కడ్డీ పట్టి, ఊగుడు కొలిచే డయల్ గేజ్ ఆనించి చక్ తిప్పాను. ముల్లు కదిలీ కదలనట్టుంది. ఇక ఈ లేత్‌ని ఇనుం కొట్టుకి ఎవరు పంపుతారులే అనుకున్నాను.

కొత్త కప్లింగ్ బిగించాక సుబ్బరాజుగారు ఫోన్ చేశారు. "చప్పుడే లేదు మేస్త్రీ! తిరుగుతుందో లేదో వంగి చూడాల్సొచ్చింది!"

ఆ సంతోషంలో ఆయన ఊరంతా చెప్పారు. కొన్నాళ్లకు ఏరియేటర్ల షెడ్డు పెడుతున్న బావమరిదిని వెంటబెట్టుకొచ్చారు.

"సూర్యం, డయల్ పెట్టి చూపించు" అన్నారు వీర్రాజుగారు నాతో.

పెద్ద ఆర్డరేదో వస్తోందనుకుని ఉత్సాహంగా చూపించాను.

బావమరిది కళ్లద్దాలు పైకి తోసి ముల్లు చూశాడు. "బాగుందండి. తీసుకెళ్లిపోతాం."

"కప్లింగులాండీ?" అన్నాను.

"కాదయ్యా, లేతు."

వీర్రాజుగారి వైపు చూశాను. "మరి నేనండీ?"

"నీకేంటయ్యా, పనోడివి. ఎక్కడైనా బతుకుతావు."

"మా దగ్గర టర్నరున్నాడండి" అన్నాడు బావమరిది, నేను అడగకుండానే. సుబ్బరాజుగారు తల దించుకుని చెప్పుకి అంటిన మట్టి గీక్కుంటున్నారు.

లేత్‌ని వ్యానెక్కించాక వీర్రాజుగారు లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చారు. "రోజూ రెండు చుక్కలెయ్యండి. ఇన్నేళ్లు నిలబడిందంటే దీనివల్లేనండి" అని బావమరిది చేతిలో పెట్టారు. నేను నా డయల్ గేజ్‌ని తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

చక్‌ని ఎలా సరిచెయ్యాలో పుస్తకం నేర్పింది. అది ఎవరి చక్కో మరిచిపోకూడదని మాత్రం ఆ వ్యానును చూశాకే నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తపేటలో ఇంకో షెడ్డులో పనిచేస్తున్నాను. అక్కడి చక్ కూడా అరిగిపోయింది. డయల్ నా సంచిలోనే ఉంది. దవడ కింద రేకు ముక్క దోపి పని కానిస్తున్నాను.