చప్పుడు కుర్చీ

పెద్ద బట్టల కొట్టు గుమ్మంలో వచ్చినవాళ్ల సంచులు పుచ్చుకుని బిళ్ల ఇచ్చే బల్ల దగ్గరి నుంచి లేపి, నేల తుడిచే కర్ర చేతికిచ్చిన రోజున సంచులత్త కొంగు దోపుకుని తుడవడం మొదలుపెట్టింది. అన్నేళ్లూ బిళ్ల అడగకుండా, ముఖం చూసే ఎవరి సంచి వాళ్లకు అందించిన మనిషి. ఓసారి జ్వరం మెదడుకెక్కింది. అది తగ్గాక ముఖాలు జారిపోసాగాయి. అలవాటు మాత్రం జారలేదు. బిళ్ల చూడకుండానే ఒకరి సంచి ఇంకొకరి చేతిలో పెట్టేసింది. "ఇకనుంచి బిళ్ల చూసి ఇవ్వమ్మా" అన్న నాథుడు లేడు.

ఆసుపత్రిలో ఏదో పరిశోధన జరుగుతోందని విని కోడలు తీసుకెళ్లింది. నెత్తిమీద తీగచుట్ట ఆనించి, లోపలికి అయస్కాంతపు తాకిడి పంపుతారు. మరుపు తగ్గుతుందేమో చూస్తారు. డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది.

"సగంమందికి తాకిడి ఉండదు, ఉత్త చప్పుడే. తేడా తెలియాలంటే తప్పదు. ఎవరికేదో నాకూ తెలియదు. గుణమిస్తుందని మాటివ్వలేను. కానీ అంతా అయ్యాక చప్పుడువాళ్లకూ అసలుది ఇస్తాం."

తీగచుట్ట టకటకలాడింది. పక్క కుర్చీలో ఒకప్పటి బస్సు డ్రైవరు పకపకా నవ్వాడు.

"నా కనుబొమ్మ గంతులేస్తోంది చెల్లెమ్మా! నీదో?"

"నాది బుద్ధిమంతురాలు అన్నయ్యా, కదలదు."

దారిలో కోడలు గొణిగింది. "కనుబొమ్మ కదల్లేదంటే మీకు చప్పుడేనేమో అత్తయ్యా."

"పోనీలేవే, పెళ్లి మనది కాకపోయినా మేళం విన్నాంగా. మన వంతూ వస్తుంది."

ఆ వంతు మీదే ఆశంతా పెట్టుకుంది. ముఖాలు నిలిస్తే బల్ల దగ్గరికి తిరిగి వెళ్లొచ్చు.

పరిశోధన ముగిసింది. ఆవిడకు దక్కింది చప్పుడేనని ఫోనులో చెప్పారు. మరి అసలుది ఎప్పుడని ఆసుపత్రికి వెళ్లి అడిగారు. యంత్రం వేరే ఊరికి వెళ్లిపోయింది, డాక్టరమ్మకు బదిలీ అయింది. ఆ స్థానంలోకి వచ్చినాయన విసుక్కోలేదు, అదొక్కటే మేలు.

"మీరొక్కరే అడుగుతున్నారమ్మా. నలుగురూ కలిసొస్తే పైవాళ్లను కదిలించొచ్చు."

బయటికొచ్చాక కోడలు మండిపడింది. "వస్తాం, నలుగురమేం, నలభైమందిమి వస్తాం! చెప్పండి అత్తయ్యా, మీతో ఎవరెవరు కూర్చునేవాళ్లు?"

సంచులత్త కళ్లు మూసుకుంది. గోడవార కుర్చీలు కనిపించాయి. పచ్చ తెర కనిపించింది. కుర్చీల్లో మాత్రం ముఖాల్లేవు.

"డ్రైవరన్నయ్య నవ్వు వినిపిస్తోందే. మనిషి ఎదురుపడితే మాత్రం పోల్చుకోలేను."

ముఖాలు మరిచిన మనిషిని సాటివాళ్లను వెతికి తెమ్మనడం ఏం న్యాయం? పేదల తలలు పరీక్షకు పనికొచ్చినప్పుడు, ఇచ్చిన మాటా నిలబడాలి. అందుకే ఈ కథ చెప్పి మిమ్మల్ని అడుగుతున్నాను. మీరో మీ ఇంట్లోవాళ్లో ఆ కుర్చీల్లో కూర్చుని ఉంటే, ఆ బట్టల కొట్టుకు వెళ్లండి. సంచులత్త గుమ్మం దగ్గరే నేల తుడుస్తుంటుంది. మిమ్మల్ని గుర్తుపట్టదు, నొచ్చుకోకండి. మీరే ముందు పలకరించండి. ఆవిడను వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడవండి.