చీటీలో వచ్చిన పురి మిషన్

హిందూపురం ఆడిటర్ మేడమ్ పోలీసుల్ని వెంటేసుకొచ్చి ధర్మవరంలో లక్ష్మమ్మ మిషన్ ఎత్తుకుపోయిందని పెనుకొండలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పోలీసులు ఎవరూ రాలేదు. లారీ వచ్చింది. కిరాయి నేనే ఇచ్చాను.

పన్నెండేళ్ల కిందట, హిందూపురంలో ప్రాక్టీసు చేస్తున్న రోజుల్లో, ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి నన్ను లిక్విడేటరుగా నియమించారు. అంటే, మూసేస్తున్న కంపెనీ అప్పులు తీర్చి, మిగిలింది వాటాదారులకు పంచే మనిషి. పట్టునూలుకు పురి పెట్టే కంపెనీ అది. వాటాదారులు ముగ్గురు, సమాన వాటాలు: పెనుకొండలో అన్న నరసింహప్ప, హిందూపురంలో తమ్ముడు ఓబులేసు, ధర్మవరంలో చెల్లెలు లక్ష్మమ్మ. అప్పులు పోగా మిగిలినవి పురి మిషన్, ఒక వ్యాన్, బ్యాంకులో కొంత సొమ్ము.

నియామకమైన ముప్పై రోజుల్లోగా లిక్విడేటర్ ఆదాయపు పన్ను అధికారికి నోటీసివ్వాలి. కంపెనీ పన్నులకు ఎంత పక్కన పెట్టాలో ఆయన రాసి పంపేదాకా, కమిషనర్ అనుమతి లేకుండా ఒక్క వస్తువూ చేతులు మారకూడదు. మారితే ఆ మేరకు పన్ను లిక్విడేటర్ సొంతంగా కట్టుకోవాలి. నోటీసిచ్చాను, మిషన్, వ్యాన్ ఉన్న కంపెనీ షెడ్డుకు తాళం వేయించాను. రెండో తాళంచెవి నరసింహప్ప దగ్గరుందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వాళ్లు మంచిరోజు చూసుకుని, నాయన పొలం పంచుకున్నట్టే, పళ్లెంలో మూడు చీటీలు వేసి పంచుకున్నారు. మిషన్ లక్ష్మమ్మకు వచ్చింది. నాకు తెలిసేసరికి అది మూడు వారాలుగా ధర్మవరంలో తిరుగుతోంది.

"మా కంపెనీ సామాన్లు మేము పంచుకుంటే పన్నేంది మేడమ్? నాయన చేను పంచుకున్నెప్పుడు ఎవురూ అడగలేదే!" అన్నాడు నరసింహప్ప.

"కంపెనీ మీది కాదప్పా. మీవి వాటాలు. సామాన్లు కంపెనీవి."

"దానికేమన్నా అమ్మానాయనా ఉండారా?"

"మీరే కన్నారు. ఇప్పుడు చంపేదీ మీరే. కర్మకాండ ఒక్కటే నాకప్పగించారు."

పన్ను ఉండదని ఎవరో ఆయనకు సగమే చెప్పారు. మూసివేతలో వస్తువును వస్తువుగానే వాటాదారుకు ఇస్తే కంపెనీకి అది అమ్మకం కిందికి రాదు, నిజమే. మిగతా సగం: అందుకున్న వస్తువు మార్కెట్ విలువలో, కంపెనీ కూడబెట్టిన లాభాల వంతు డివిడెండ్ అవుతుంది. ఈ కంపెనీకి అలాంటి లాభాలు లేవు. కాబట్టి ఆ విలువలోంచి వాటా కొన్న ఖర్చు తీసేస్తే మిగిలేదంతా వాటాదారుకు మూలధన లాభం. దానికి పన్ను కట్టాలి.

ధర్మవరం వెళ్లాను.

"అక్కా, ఆరుమంది మగ్గాలోళ్లు నా నూలు కోసరం కాచుకోనుండారు. ఇది ఎత్తుకోని పోతే నేనేం చెయ్యాల?" అంది లక్ష్మమ్మ. భర్త పోయాక ఆమెకు కుదిరిన మొదటి పని అది. కమిషనర్ అనుమతి అడగొచ్చు కదా అని తర్వాత నాకు చాలామంది చెప్పారు. ముందు పట్టుకుపోయి తర్వాత అడిగేదాన్ని అనుమతి అనరు. మిషన్ షెడ్డుకు తెచ్చాను.

రెండు నెలలకు అధికారి ఉత్తరం వచ్చింది. ఆయన చెప్పినంత పక్కన పెట్టాను. ఇక పంచొచ్చు. మార్కెట్ విలువ కావాలి కాబట్టి వాల్యూయర్‌ను పిలిచాను. పాత ఇనుమనుకున్న మిషన్‌కు వ్యాన్ కంటే రెండింతల విలువ కట్టాడు. ఆ రిపోర్టు ముగ్గురికీ పంపాను. పంపడం నా విధి.

వారంలో అన్నదమ్ములు ఒప్పందం రాసుకొచ్చారు. మిషన్ నరసింహప్పకు, బ్యాంకు సొమ్ములో కొంత ఓబులేసుకు, వ్యాన్, మిగతా సొమ్ము లక్ష్మమ్మకు. విలువలు సమానం. ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. నేను కాదనడానికి చట్టంలో ఆధారం లేదు. లక్ష్మమ్మకు డ్రైవింగ్ రాదు. వ్యాన్ విలువ మీద ఆమె లాభానికి నేనే రిటర్ను వేశాను.

నేను నేర్చుకున్నది ఇంతే: నియామకం అందిన రోజే తాళంచెవులన్నీ లెక్కపెట్టి తీసుకోవాలి. వాల్యూయర్‌ను పిలిచేముందు, ఎవరికి ఏది కావాలో ముగ్గురి చేతా రాయించుకోవాలి.

ఇప్పటికీ నరసింహప్ప కనబడితే ఒకటే అడుగుతాను, ఆయన బస్సు వచ్చిందంటాడు. విలువ తెలియనప్పుడు పళ్లెం, చీటీలు, మంచిరోజు అన్నీ దొరికాయి కదప్పా, తెలిశాక ఒక్కటీ ఎందుకు దొరకలేదు?